నడవాలో మలుపు

ఆదివారం ఉదయం ఆరున్నరకి కటింగ్ బల్ల కాళ్లు ఊడదీశారు. ఆ బల్ల మీద పని చేసే మనిషి అప్పుడు పక్క గదిలో నిద్రపోతోంది.

నిద్రలో ఆమెకు స్పానర్ చప్పుడు మిషను తొక్కుతున్నట్టు వినిపించింది. కలలో జనం వరసగా నిలబడి ఉన్నారు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టుకుని కదలకుండా నిలుచున్నారు. ఆమె టేపు చుట్టి అంకె చెబుతోంది. రాసుకునేవాళ్లు లేరు. చెప్పిన అంకె చెప్పినట్టు కిటికీలోంచి బయటికి పోతోంది. వరసలో ఒకావిడ చొక్కా చేతిలోంచి సెలైన్ గొట్టం వేలాడుతోంది. గొట్టంతో కలిపి కొలవాలా, తీసి కొలవాలా అని అడగబోతుండగా మిషను ఆగిపోయింది.

కళ్లు తెరిచింది. నోట్లో ఇనుము నాకినట్టుంది. గురువారం ఎక్కించిన మందు ఎప్పుడూ మూడో రోజుకే ఒంట్లోకి దిగుతుంది. దుప్పటి అంచు పట్టుకుంది. పట్టుకున్నట్టు కంటికి తెలిసింది కానీ వేళ్లకు తెలియలేదు.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. స్కూలు యూనిఫాంలు, ఆఫీసు చొక్కాలు కుడుతుంది. భర్త లిఫ్టు మెకానిక్. వాళ్లుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో. “ఊరందర్నీ నిలబెట్టి పైకి పంపిస్తాడు, పెళ్లాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు” అని ఆమె అక్క వచ్చినప్పుడల్లా అంటుంది. కిందటిసారి మందు ఎక్కించుకుని వస్తూ ఆమె రెండో అంతస్తు మెట్ల మీద కూలబడిపోయింది. అక్కణ్నుంచి భర్త వీపున వేసుకుని మోశాడు. మర్నాడు సెలవు పెట్టి కింది అంతస్తు ఇళ్ల కోసం తిరిగాడు. ఆస్పత్రికి రెండు వీధుల దూరంలో ఒకటి దొరికింది. ఇవాళే మారడం.

ఆమె గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. బల్ల ఉండే చోట నేల ఉంది. నాలుగు కాళ్లూ ఆనిన చోట నాలుగు మచ్చలు. వాటి మధ్య దారపు ముక్కలు, సుద్ద పొడి. గచ్చు పగుల్లో గుండుసూదులు మెరుస్తున్నాయి. అక్క గోడవారగా కూర్చుని బట్టలు దుప్పట్లో మూట కడుతోంది.

“అక్కా, బల్లేది?”

“లేచావా? పాలు కాచాను. రొట్టె ముంచి పెట్టనా?”

“బల్లేదంటే.”

“కింద టీచరు గారి వరండాలో పెట్టించాం. ట్యూషన్ పిల్లలకి పనికొస్తుందంట. పాపం సంతోషపడింది.”

“నా బల్ల నువ్విచ్చేశావా?”

“ఇవ్వడమేంటే! అక్కడ పట్టదు కదా. మీ ఆయనే కొలిచాడు. కావాలంటే అడుగు.”

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో స్పానర్ ఉంది. కుళాయి ఎత్తు కొలవకుండా బకెట్ కూడా కొనని మనిషి. “నడవాలో మలుపుంది. పైన అటక. నిలబెట్టి తిప్పడానికి లేదు. తిరగదు” అన్నాడు. స్పానర్‌కి చెబుతున్నట్టు చెప్పాడు.

“తిరిగితే ఎక్కడ వేసేవారు?”

“ముందు గదిలో నీ మంచం వేస్తున్నాం. కిటికీ ఉంది. గాలొస్తుంది.”

“మిషను?”

“అటక మీద పెడదాం. నీకు బాగయ్యాక చూసుకుందాం.”

బాగయ్యాక. ఈ మాట ఆమె కొన్ని నెలలుగా వింటోంది. గుడ్డలు ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కత్తిరించని గుడ్డలు వెనక్కి పట్టుకెళ్లారు. తొందరేం లేదమ్మా, ముందు నువ్వు కోలుకో, బాగయ్యాక ఇస్తాం. అలా అన్నవాళ్లలో ఒకావిడ రెండు రోజులకే వేరేచోట కుట్టించిన చొక్కా తొడిగి పిల్లాణ్ని ఇదే వీధిలోంచి స్కూలుకి తీసుకెళ్లింది. కాలర్ వంకర పోయింది. ఆమె పైనుంచి చూసి కిటికీ దగ్గర్నుంచి తప్పుకుంది. ఇప్పుడు కొత్త ఇంట్లో మంచానికి చోటు కొలిచారు. పనికి చోటు లేదు.

“సరే” అంది.

అక్క ఊపిరి పీల్చుకుని మూట ముడి బిగించింది.

సామాన్ల మేస్త్రీ ఇద్దరు మనుషులతో వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చెవి మీద సగం పెన్సిలు. నోరు మూతపడదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ పక్కన వదిలారు, దారికి అడ్డం లేకుండా.

“అమ్మా, మీరు లేవకండి. ఆఖర్న కుర్చీతో పాటు మిమ్మల్నీ దించేస్తాం” అన్నాడు మేస్త్రీ.

“నన్నెక్కడ పెట్టాలో కూడా కొలిచారా?” అంది.

మేస్త్రీ నవ్వాడు. భర్త నవ్వలేదు.

ఆమెకు కళ్లు మూతపడ్డాయి. తెరిచినప్పుడు బీరువా లేదు. బీరువా వెనక గోడ రంగు వేరుగా ఉంది. మళ్లీ మూతపడ్డాయి. ఈసారి తెరిస్తే మంచం పలకలు పలకలుగా గోడకి ఆని ఉంది. ఇంకోసారి తెరిస్తే గోడకి ఏమీ ఆని లేదు. అక్క వంటగదిలోంచి ఏదో అడుగుతోంది. ఆ మాట గదిలో తిరిగి తిరిగి ఆమె దగ్గరికి వచ్చేసరికి మాటలా లేదు. ఇల్లు తేలికైపోతోంది. ఇంకో రెండు మూటలు పోతే మూడో అంతస్తు నుంచి ఊడి పక్కకి జరుగుతుందని ఆమెకు అనిపించింది. జరిగితే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూద్దామని కళ్లు తెరిచే ఉంచింది. ఎదురింటి గోడే కనిపించింది. దాని మీద ఎవరో ఆరేసిన చొక్కా చేతులు రెండూ ఎడంగా పెట్టుకుని గాలికి నిలబడి ఉంది, కొలతకి వచ్చినట్టు.

ఆమె లేచింది. గదిలో ఎవరూ లేరు.

మెట్ల పక్క ఇనుప కమ్మీ పట్టుకుంది. ఇనుము చల్లగా ఉందా లేదా తెలియలేదు. ఒక మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, ఇంకో మెట్టు దిగింది. కింద నుంచి బియ్యం డబ్బా కోసం పైకి వస్తున్న మనిషి ఆమెను చూసి గోడకి అతుక్కుని దారిచ్చాడు. అక్కా అని ఆమె పిలవలేదు. పిలిస్తే మోసేస్తారు.

టీచరు వరండాలో బల్లపలక గోడకి చేరేసి ఉంది. ఆరడుగుల పొడవు, ఒకటే పలక. కాళ్లు పక్కన తాడుతో కట్టి పెట్టారు. మధ్యలో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. అంచున అంగుళానికొక గాటు. టేపు కనిపించనప్పుడు గుడ్డని ఆ గాట్ల మీద పెట్టి కొలిచేది. ఆమె బల్లపలక పక్కన నేల మీద కూర్చుని దానికి వీపు ఆనించింది.

టీచరు తలుపు తీసింది. “అయ్యో, నువ్వు దిగొచ్చావేంటి తల్లీ!”

“నా బల్ల కోసం వచ్చానండీ.”

“నేనడగలేదమ్మా. మీ అక్కే ‘వదినా, పనికొస్తుందేమో చూడండి’ అంది. పిల్లలు కింద కూర్చుంటున్నారు కదా అని సరేనన్నాను.” టీచరు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. “నీకు తెలీకుండానా?”

టీచరు లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. “తీసుకెళ్లు. పిల్లలకేం, ఇన్నాళ్లూ కింద కూర్చునే పాసయ్యారు” అంది.

మేస్త్రీ మిషను భుజానికెత్తుకుని దిగాడు. అతని వెనక భర్త, అతని వెనక అక్క, చీపురుతో సహా.

“ఒసేయ్, పడితే ఏమయ్యేది? కుర్చీలో లేకపోయేసరికి నా ప్రాణం పోయింది!” అంది అక్క.

“మేస్త్రీ గారూ, ఈ బల్ల కూడా ఎక్కించండి” అంది ఆమె.

మేస్త్రీ భర్త వైపు చూశాడు.

“అక్కడికెళ్లాక తిరగదే” అన్నాడు భర్త.

“తిరక్కపోతే అక్కడ చూద్దాం.”

“రోడ్డు మీద పెట్టుకుంటామా? నేను మాటిచ్చేశాను కూడాను. నీకేం తెలీదు, ఊరుకో” అంది అక్క.

“ఇచ్చిన మాట నీది, బల్ల నాది. మాట నువ్వుంచుకో, బల్ల నేను తీసుకెళ్తానక్కా” అంది ఆమె. టీచరు ముఖం పక్కకి తిప్పుకుని నవ్వు దాచుకుంది.

మేస్త్రీ మిషను దించి చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. “మాకేం సార్, సామాను ఎవరిదో వాళ్ల మాటే వింటాం. ఈ బల్ల ఎవరిది, మీదా, అమ్మదా?”

భర్త స్పానర్ జేబులో పెట్టుకున్నాడు. “ఆవిడదే” అన్నాడు.

వ్యానులో ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టారు. ఆమెకు, డ్రైవర్‌కి మధ్య భర్త, ఒళ్లో గాజు గ్లాసుల పెట్టె. అక్క వెనక సామాన్ల మధ్య ఎక్కింది. ఆమె తల అద్దానికి ఆనించింది. దుకాణాలు ఒక్కొక్కటే వచ్చి ఆమె ముఖం పక్కన ఆగి వెళ్లాయి. బొత్తాలు కొనే దుకాణం. కాజాలు కుట్టే ముసలాయన అరుగు. ఆయన తలెత్తి చూశాడు. వ్యానులో ఉన్నది ఎవరో పోల్చుకోలేదు. జుట్టు లేని తలకి గుడ్డ కట్టుకుంది కదా. ఆమె చెయ్యెత్తింది. ఎత్తానని అనుకుంది, చూసుకుంటే చెయ్యి ఒళ్లోనే ఉంది. కళ్లు మూతపడ్డాయి. వరస మళ్లీ నిలబడింది. ఈసారి వరసలో వీధులు ఉన్నాయి. ఒక్కొక్క వీధి ముందుకొచ్చి నిలబడుతోంది, ఆమె టేపు చుట్టి చూసి తలూపుతోంది, అది పక్కకి జరుగుతోంది.

“దిగుదామా?” అన్నాడు భర్త. వ్యాను ఎప్పుడో ఆగింది.

కొత్త ఇల్లు ఒక భవనం వెనక వాటా. వీధిలోంచి సన్నటి నడవా లోపలికెళ్లి కుడికి తిరుగుతుంది. మలుపు మీద అటక, మనిషి తలకి బెత్తెడు పైన. మలుపు తిరిగితే తలుపు. కుర్చీని నడవా మొదట్లో గోడ నీడన వేసి ఆమెను కూర్చోబెట్టారు. మూటలు వెళ్లాయి. మంచం పలకలు వెళ్లాయి. బీరువాని అరలు తీసి, పడుకోబెట్టి ఎత్తుకెళ్లారు. మిషను వెళ్లింది. ఆఖర్న వ్యానులో బల్లపలక, దాని కాళ్లు మిగిలాయి.

మేస్త్రీ నడవాలోకి వెళ్లి చేతులు బార చాపి చూసుకుని వచ్చాడు. “సార్ చెప్పింది నిజమేనమ్మా. ఇది తిరగదు. పైన అటక లేకపోతే నిలబెట్టి లాగేవాళ్లం. వదిలెయ్యమంటారా, వెనక్కి తీసుకెళ్లమంటారా?”

“నేను చెబుతూనే ఉన్నాను, నా మాటెవరు వింటారు?” అంది అక్క. కానీ గొంతు తగ్గించే అంది.

ఆమె భర్తని పిలిచింది. “ఏవండీ, మీరు కొలిచారు కదా.”

“ఊఁ.”

“ఎంత పొడుగుదైతే తిరుగుతుంది?”

అతను నడుముకున్న ఇనుప టేపు తీశాడు. బయటికి కొంచెం లాగాడు. వదిలాడు. అది చప్పుడు చేస్తూ లోపలికెళ్లింది. చొక్కా చేత్తో మెడ తుడుచుకున్నాడు.

“ఆరున్నర అడుగులు” అన్నాడు.

“బల్ల ఆరే కదా.”

“ఆరే.”

“మరి తిరగదన్నావేంటి మరిదీ?” అంది అక్క.

అతను నడవా వైపు చూస్తున్నాడు. మేస్త్రీ ఊరుకోలేదు. “ఆరున్నర ఎందుకు కొలిచారు సార్? మీ సామాన్లో అంత పొడుగుది ఏదీ లేదే. మంచం కూడా విప్పేశాం కదా.”

ఆమెకు మాత్రం అర్థమైంది. ఇన్నేళ్లుగా అన్నం తింటూ అతను చెప్పే కబుర్లన్నీ లిఫ్టులవే. కొత్త భవనంలో లిఫ్టు పెట్టేముందు మొదట ఏం చూస్తారో ఆమెకు తెలుసు. మనుషులెంతమంది పడతారన్నది తర్వాత. పడుకున్న మనిషి పడతాడా లేదా అన్నది మొదట.

“స్ట్రెచరు” అంది.

అక్క చేతిలో చీపురు కింద పెట్టింది.

“మూడిళ్లు చూశాను. రెండిళ్లలో తిరగదు. అందుకే వాటిని వద్దన్నాను” అన్నాడు భర్త.

“బల్ల తిరగదని ఎందుకు చెప్పారు?”

“తిరుగుతుందంటే ఎలా తెలుసంటావు. నువ్వు అడక్కుండా ఉండవు.” టేపు మళ్లీ నడుముకి తగిలించుకున్నాడు. “ముందు గది తలుపు దగ్గరుంది. మంచం అక్కడుంటే తొందరగా...” అని ఆపేశాడు.

ఆమె నడవా లోపలికి చూసింది. వెలుగు మలుపు దాకా వెళ్లి అక్కడ ఆగింది. ఒక్క క్షణం ఆమెకు తను అక్కడ పడుకుని, అటక కింది నుంచి గచ్చు పెళ్లలు చూస్తూ మలుపు తిరుగుతున్నట్టు అనిపించింది. ఇద్దరు మోస్తున్నారు. చప్పుడు లేదు. ముందు మోస్తున్నవాడి వీపు ఎరిగిన వీపే.

“కాళ్లు ముందుకి పెట్టి కొలిచారా, తల ముందుకి పెట్టా?” అంది.

“ఛీ ఛీ, ఏం మాటలే అవి! నోటికి హద్దూ అదుపూ లేదు” అంది అక్క.

భర్త ఆమె వైపు తిరిగాడు. పనిలో అడిగిన ప్రశ్నకి చెప్పినట్టే చెప్పాడు. “రెండూ కొలిచాను. వెళ్లేటప్పుడు తిరిగితే సరిపోదు. వచ్చేటప్పుడు కూడా తిరగాలి. వచ్చేటప్పుడు మలుపు కుడివైపు పడుతుంది, చెయ్యి గోడకి రాసుకుంటుంది. అందుకని అక్కడున్న కుళాయి గొట్టం పక్కకి జరిపించాను.”

ఆమె చూసింది. మలుపు దగ్గర గోడ మీద గొట్టం తీసిన చోట సిమెంటు ఇంకా ఆరలేదు.

“అయితే బల్ల కూడా వచ్చేదే కదండీ” అంది. “తీసుకురండి.”

అతను మేస్త్రీ మనుషుల్లో ఒకణ్ని పక్కకి తప్పుకోమని బల్లపలక ముందు కొస తానే పట్టుకున్నాడు. మేస్త్రీ వెనక పట్టాడు. పలకని అంచు మీద నిలబెట్టి లోపలికి నడిచారు. మలుపు దగ్గర భర్త ఆగాడు. “వెనక కొస కింది నుంచి నాలుగు వేళ్లు ఎత్తు. ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు నా వైపు తోసి వదలకు.” పలక అటకకి తగల్లేదు, గోడకి తగల్లేదు. మూల దాటి కనిపించకుండా పోయింది. లోపలి నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. “అమ్మా, వెన్నలో వేలు పెట్టినట్టు వెళ్లిపోయింది!”

“ఎక్కడ పెట్టమంటావు?” అని లోపలి నుంచే అడిగాడు భర్త.

“ముందు గదిలో, కిటికీ కింద.”

“మరి మంచం ఎక్కడే?” అంది అక్క.

“వెనక గదిలో.”

“అక్కడ గాలాడదే.”

“పడుకోవడానికే కదక్కా. తలుపు తీసి పెడతాను.”

అక్క ఏదో అనబోయి, చీపురు తీసుకుని లోపలికెళ్లింది.

ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు ఆమె వెనక గదిలో పడుకునే ఉంది. మెలకువ వచ్చినప్పుడల్లా ఎడంవైపు గోడ కోసం చెయ్యి చాపేది. గోడ కుడివైపు ఉండేది. కిటికీ ఉండాల్సిన చోట తలుపు, తలుపులోంచి ముందు గది, గదిలో బల్ల అంచు కనిపించేవి. బల్ల మీద ఎండ ఉదయం ఒక కొసన ఉండేది, మధ్యాహ్నానికి కాలిన మచ్చ మీదికి వచ్చేది, తర్వాత దిగిపోయేది. దాన్నిబట్టి పొద్దు తెలిసేది. ఒకసారి బల్ల పక్కన భర్త నిలబడి ఉన్నాడు. కలో నిజమో తెలియలేదు. వంగి కాళ్ల నట్లు బిగించి, అరచేత్తో పలకని అటూ ఇటూ ఊపి చూసి, ఒక కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టాడు.

బుధవారం నోట్లో ఇనుము పోయింది. అన్నం తింది. గురువారం మధ్యాహ్నం ముందు గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. అక్క అటక మీదికి ఎక్కించిన మిషనుని పక్కింటాయన సాయంతో దించింది. దించుతూ ఆమెనే కాదు, మిషనుని కూడా తిట్టింది.

నాలుగింటికి భర్త డ్యూటీ నుంచి వచ్చాడు. యూనిఫాం చొక్కా భుజాల మీంచి జారుతోంది.

“ఇలా రండి” అంది ఆమె.

“ఏంటి?”

“చేతులు కొంచెం ఎత్తండి.”

అతను ఎత్తాడు. ఆమె టేపు వెనకనుంచి తిప్పి ఛాతీ దగ్గర కలిపింది. టేపు కొస వేళ్లకి తెలియక రెండుసార్లు జారింది. మూడోసారి గోటితో నొక్కి పట్టుకుంది. అంకె చూసి, టేపు తీసి, మళ్లీ చుట్టి చూసింది.

“తినడం లేదా మీరు?”

“తింటున్నానే.”

“ఎక్కడ? నాలుగంగుళాలు తగ్గారు.”

“పాత చొక్కా సాగి ఉంటుంది.”

“నేను కొలిచింది చొక్కాని కాదండీ.”

అతను చేతులు దించలేదు. దించమని చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత చొక్కా విప్పి ఇచ్చి బనీనుతో వంటగదిలోకి వెళ్లాడు.

ఆమె చొక్కాని తిరగేసి బల్ల మీద పరిచింది. అక్క సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. పక్క కుట్లు రెండూ ముందు చేత్తో టాకాలు వేసుకుంది. ఒకచోట సూది వేలిలో దిగింది. నొప్పి తెలియలేదు, చుక్క కనిపించింది. చొక్కాకి అంటకుండా తలగుడ్డ అంచుకి తుడుచుకుని మళ్లీ సూది పట్టింది. మిషను మీద కుట్టడానికి చాలాసేపు పట్టింది. ఒక పక్క కుట్టి కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది. కళ్లు మూస్తే ఈసారి వరస లేదు, ఒక్కడే మనిషి చేతులెత్తి నిలబడి ఉన్నాడు. కళ్లు తెరిచి రెండో పక్క కుట్టింది.

అక్క కత్తెర అందించింది. “లోపల అంత గుడ్డ మిగిలిపోయిందేంటే? కోసెయ్యి, ఒంటికి గీరుకుంటుంది.”

“ఉండనీ.”

“రెండు పక్కలా బారెడుంది!”

“మనిషి మళ్లీ నిండితే కుట్లు విప్పుకోవచ్చు” అంది ఆమె, గుడ్డని లోపలికి మడిచి అంచు కుడుతూ.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి అతను ఆ చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్లాడు.